మందలపల్లి ఐవారికి మా తాత వేసిన మార్కులు

మా తాత కదిరయ్య నోట మెప్పు మాట విన్నవాళ్లు మందలపల్లిలో ఎవరూ లేరు. చెడ్డ మనిషేం కాదు. తనది అన్న దేన్నీ పైకి పొగిడేవాడు కాదు, అంతే. చేను విరగపండితే "ఏందో నాలుగు గింజలు రాలినాయి" అనేవాడు. మా అవ్వ కరియమ్మ చేసిన పులుసుకు చుట్టాలు లొట్టలు వేస్తుంటే, ఉప్పు చాలలేదని గొణుగుతూ తానే మళ్లీ మళ్లీ వడ్డించుకునేవాడు. కూతురు పుట్టినప్పుడు చూడవచ్చిన వాళ్లతో "నల్లంగా ఉండాది, ఏం జేస్తాం" అన్నాడట. ఆ నల్లపిల్లే మా అమ్మ రామాంజినమ్మ. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది ఆమే. కొన్ని నవ్వుతూ చెప్పింది, కొన్ని మాత్రం నవ్వకుండా చెప్పింది.

అలాంటి మనిషి ఒకప్పుడు బడి పంతులికి మార్కులు వేయాల్సి వచ్చింది. కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టయిందని మా అవ్వ అనేదట. నాకు మాత్రం ఆ సంగతి చిన్నప్పటి నుంచీ తలలో పురుగులా తొలుస్తూనే ఉంది. గొర్రెనైతే నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పొచ్చు. మనిషిని, అందులోనూ చదువు చెప్పే మనిషిని, ఎక్కడ పట్టుకుని చూడాలి? చూసింది ఎలా చెప్పాలి? మా అమ్మను ఇదే పనిగా అడిగేవాణ్ణి. పని చేసుకోనీయవు కదరా అంటూనే ఆమె చెప్పేది.

మందలపల్లి రాయచెర్లు దాటాక వచ్చే చిన్న ఊరు. ఆ రోజుల్లో మాది మైసూరు మహారాజుల ఏలుబడి, చుట్టూ ఉన్నది మద్రాసు సీమ. ఊరంతా గొల్లలే, అందరికీ గొర్రెలే బతుకు. మద్రాసు సీమ నుంచి పొట్టేళ్ల వ్యాపారులు రొప్పాల దగ్గరికి వచ్చేవారు. రొప్పం అంటే రాత్రిపూట గొర్రెలను తోలే కంప దొడ్డి. అంత దూరం వచ్చిన మనిషికి "ఇవ్వను" అని మొహాన చెబితే మందకు అరిష్టమని మావాళ్ల నమ్మకం. మరి అమ్మకూడదనుకున్న పొట్టేలు మీదే వ్యాపారి చేయి వేస్తే ఏం చేయాలి? దాన్ని తిట్టాలి. దానికి దగ్గు ఉందనాలి, మేత మేయదనాలి, కాలు ఈడుస్తుందనాలి. ఆ తిట్టు వినగానే వ్యాపారి చేయి తీసేసి పక్కదాన్ని చూసేవాడు. ఎంత తిడితే అంత ముద్దైనదని ఇద్దరికీ తెలుసు. ఇందులో అబద్ధం ఉందని ఎవరూ అనుకునేవారు కాదు. అది మర్యాద.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఒకదాన్ని నోరారా పొగిడామంటే అమ్మకానికి పెట్టామని అర్థం. మా తాత పుట్టి పెరిగింది ఈ మాటల మధ్య. పొగడ్త అంటే ఆయనకు పోగొట్టుకోవడమే.

ఇక తిప్పేస్వామి సంగతి. ఆయన చెళ్లకెరె వైపు మనిషి. బడి పంతులును మా దిక్కు ఐవారు అంటారు. ఆయన వచ్చేనాటికి మందలపల్లి బడికి గోడలున్నాయి గాని పిల్లలు అంతంత మాత్రమే. ఎండలు ముదరగానే మందల వెంట ఇళ్లకు ఇళ్లు కదిలిపోయేవి. రైతుల చేలలో మంద కట్టి, ఆ ఎరువుకు బదులు గింజలు తెచ్చుకుంటూ, నీళ్లున్న చోటును వెతుక్కుంటూ నాగలమడిక ఏటి దాకా పోయేవారు. అంతకుముందున్న ఐవార్లు ఆ నెలల్లో ఖాళీ బడికి కాపలా కాసేవారు. తిప్పేస్వామి మాత్రం పలకలు సంచిలో వేసుకుని మంద వెంట నడిచాడు. నీళ్ల కోసం ఏట్లో చెలమ తవ్వినప్పుడు పైకి వచ్చే తడి ఇసుకను చదును చేసి పిల్లల వేళ్లతో అక్షరాలు దిద్దించాడు. కన్నడ పాఠాన్ని తెలుగులో విప్పి చెప్పి, మళ్లీ మెల్లగా కన్నడంలోకి తీసుకుపోయేవాడు. ఆడపిల్లలనూ కూర్చోబెట్టాడు. మా అమ్మ చదువు అలా ఏటి ఇసుకలో మొదలైంది. మందలపల్లిలో అక్షరం ముట్టిన మొదటి ఆడపిల్ల ఆమే.

బడి కమిటీకి మా తాత పెద్ద. ఆయనకు సంతకం రాదు. మంద పెద్దదని ఆ పదవి ఇచ్చారో, గొంతు పెద్దదని ఇచ్చారో నాకు తెలియదు. ఐవారు ఎలా ఉన్నాడని ఎవరైనా అడిగితే "ఉండాడులే" అని ఊరుకునేవాడు. కానీ కొత్త కంబళ్లు నేయించినప్పుడు మెత్తటిది ఏరి ఐవారికి పంపించాడు. పంపిస్తూ, ఇది మనకు పనికిరాదులే అన్నాడు.

అప్పట్లో బలసముద్రంలో ఒక మంచి ఐవారుండేవాడట. ఆ ఊరివాళ్లు పోయిన చోటల్లా ఆయన్ను పొగిడారు. ఆ పొగడ్తలు పై అధికారుల చెవిన పడి, అంత మంచివాడు పల్లెలో ఎందుకని ఆయన్ను పావగడకు మార్చారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, బలసముద్రం వాళ్ల నోరు మంచిదై ఐవారు పోయాడని మా తాత కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడు. మందలపల్లిలో ఎవరూ ఆ తప్పు చేయకూడదని ఆయన పట్టు.

చలి వెనకబడుతున్న రోజుల్లో కొత్త ఇన్‌స్పెక్టరు సీబయ్య సైకిలు మీద వచ్చాడు. వయసులో చిన్నవాడు, మాట మెత్తన. అంతకుముందు తనిఖీకి వచ్చేవాళ్లు ఐవారు పెట్టిన కాఫీ రుచిని బట్టీ, తమ నడుం నొప్పిని బట్టీ మంచి చెడ్డలు రాసిపోయేవారు. సీబయ్యకు అది నచ్చలేదు. ఆయన ఒక కొత్త పత్రం తయారు చేసుకుని వచ్చాడు. ఐవారు వేళకు రావడం, బడిలో నిలిచి చెప్పడం, పిల్లల శుభ్రత, చదువు చెప్పడం, లెక్కలు చెప్పడం, ఊరితో నడవడి, ఇలా అందులో అంశాలున్నాయి. ప్రతి అంశం కింద మూడు వాక్యాలు. మొదటిది ఎలా ఉంటే ఉత్తమమో చెబుతుంది, రెండోది మధ్యమం, మూడోది అధమం. ఇష్టాయిష్టాలతో పని లేదు. ఏ వాక్యం ఐవారికి సరిపోతుందో అదే గుర్తు పెట్టాలి. పిల్లలను ఇన్‌స్పెక్టరు తానే పరీక్షించాలి, మిగతా అంశాలకు ఊరి కమిటీ పెద్ద మాట తీసుకోవాలి.

ఈ పద్ధతిని వెక్కిరించాలని మొదట్లో నాకూ నోరు దురద పుట్టింది. ఆలోచిస్తే, కాఫీ రుచి కంటే ఇదే నయం. పల్లెవాడి మాటకు కూడా ఆ పత్రంలో చోటు పెట్టాడు ఆ అబ్బాయి. ఆ పల్లెవాడు ఎలా మాట్లాడతాడో ఆయనకు తెలియదు, వచ్చిన చిక్కల్లా అదే.

పిల్లలు పరీక్షలో బాగానే చదివారు. తర్వాత సీబయ్య ఐవారినీ పిల్లలనూ బయటికి పంపి, మా తాతను పక్కన కూర్చోబెట్టుకుని, పత్రం మోకాలి మీద పెట్టుకుని ఒక్కొక్క వాక్యమే చదివి వినిపించాడు. ఆయన కన్నడంలో అడిగితే ఈయన తెలుగులో జవాబు. ఇద్దరికీ రెండూ వచ్చు. తాత చూపంతా ఆ పత్రం మీదే ఉంది. ఎక్కడి నుంచో వచ్చిన పెద్దమనిషి, మా ఐవారి రాకపోక, నడక, పని అన్నీ అడుగుతున్నాడు. అర్థం కానిదేముంది? బేరానికి వచ్చాడు. ఐవారి మీద చేయి వేశాడు.

ఇక తాత మొదలుపెట్టాడు. వేళకు వస్తాడా అంటే వేళా పాళా లేదన్నాడు. బడిలో ఉంటాడా అంటే గొర్రెల వెంట తిరుగుతాడన్నాడు. పిల్లలు శుభ్రంగా ఉంటారా అంటే ఇసుకలో పొర్లిస్తాడన్నాడు. సీబయ్య మొహం చిన్నబోతూ ఉంటే, బేరం చక్కగా సాగుతోందని తాత ఇంకా ఊపందుకున్నాడు. ఈ మనిషిలో మంచి ఒక్కటైనా లేదా అని చివరికి సీబయ్య అడిగాడట.

"ఏమీ లేదు సామీ. మా కర్మకు దొరికినాడు. మీరు యాడికి తీస్కపోయినా పనికి రాడు."

ఆ మాట చెప్పి, తృప్తిగా నవ్వి, కొత్తిమీర వేసిన మజ్జిగ తెప్పించి ఇచ్చాడు. ఇంత బాధలోనూ అతిథిని మరవని మంచి రైతు అనుకున్నాడట సీబయ్య. ఆ మాట తర్వాత ఆయనే చెప్పుకుని నవ్వాడు. తాత ఇంటికి వచ్చి, గండం గడిచిందని అవ్వతో చెప్పి సంగటి తిన్నాడు.

తిప్పేస్వామి ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. ఖాయం కాని పంతులు గురించి ఊరి పెద్ద అన్నిటా అధమమే అంటే, పిల్లలు ఎలా చదివినా అతన్ని తీసేయాలని కొత్త నియమం. కొన్నాళ్లకు ఉత్తరువు వచ్చింది. నెలాఖరుకు బడి తాళం రాయచెర్లు ఐవారికి అప్పగించి పొమ్మన్నారు. కారణం కూడా రాశారు, కమిటీ పెద్ద కదిరయ్య మాట ప్రకారం అని.

ఆ సంగతి మొదట తెలిసింది మా అవ్వకు. సంగటి ముద్ద తీసుకుని ఐవారి గదికి పోతే, ఆయన పరుపు చుట్ట కట్టుకుంటున్నాడు. ఎప్పుడూ ఎదురొచ్చి తట్ట అందుకునే మనిషి తల ఎత్తలేదు. నేను మీ ఊరికి ఏం తప్పు చేశానక్కా అని మాత్రం అడిగాడు. ఆమె ఏమీ తెలియక తెల్లబోయి, ఉత్తరువులో ఏముందో ఆయన నోటనే విని, తట్ట అక్కడే దించి ఇంటికి పరుగున వచ్చింది.

"గొర్రెను తిట్టినట్టు మనిషిని తిడితివా?" అంది తాతతో.

తాతకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. బేరానికి వచ్చినవానికి అంతమాత్రం తెలియదా అని ఎదురు అడిగాడట. అడిగాక ఆయనకే తెలిసొచ్చింది. సీబయ్య ఏనాడూ రొప్పం తొక్కలేదు. ఆ మాటల్లో ఉన్న ముద్దు ఆయనకు ఎలా వినబడుతుంది? తాత మొహం మాడిపోయిందని, అంత భయపడిన తండ్రిని తాను అంతకుముందెప్పుడూ చూడలేదని మా అమ్మ చెప్పేది.

ఆయన బడికి పోయి గడపలోనే కూలబడి అంతా చెప్పాడు. పొట్టేళ్ల సంగతి, బలసముద్రం సంగతి, పొగిడితే తగిలే దిష్టి సంగతి. తిప్పేస్వామి విని పడీ పడీ నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాక మాత్రం ఆయన మొహంలో నవ్వు మిగల్లేదు.

"అమ్మకుండా ఉంచుకోవల్లని జూస్తివి కదిరన్నా. వాళ్లు నన్ను పారేస్తాండారు. ఈ మాట నా వెంట వస్తాది. ఇంకో ఊర్లో నన్ను బడి గడప ఎవరు తొక్కనిస్తారు?"

తాత చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాడే కర్ర తీసుకుని పావగడకు నడిచాడు.

కొండ కింద సత్రంలో సీబయ్య మకాం. తాత చెప్పింది విని ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. రాస్తున్న పని పక్కన పెట్టి పొట్టేళ్ల బేరం గురించి గుచ్చి గుచ్చి అడిగాడట. మరి మంచిదని చెబితే ఏమని అర్థం అన్నాడు. అమ్ముతామని సామీ అన్నాడు తాత. సీబయ్య తన పత్రాన్ని తీసి, మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడట.

తర్వాత ఆయన చెప్పిన మాటలు మా తాతకు నిద్ర లేకుండా చేశాయి. ఒకరు చాటుగా వచ్చి చెప్పారని రాసింది కొట్టేయలేను, ఉత్తరువు ఆపించి మళ్లీ వస్తాను, ఊరందరి ముందూ వాక్యం వాక్యంగా చెప్పి వేలిముద్ర వేయాలి అన్నాడు. అంతటితో ఆగలేదు. దాచకుండా ఇంకో సంగతీ చెప్పాడు. దాదాపు అన్నిటా ఉత్తమం అని వస్తే, అలాంటి పంతులును తాను పల్లెలో ఉంచలేడు. తుమకూరులో శిక్షణకు పంపాలి, ఆ తర్వాత పెద్ద బడికి వేయాలి. మధ్యమం అని వస్తే ఉద్యోగం ఖాయమవుతుంది, ఐవారు మందలపల్లిలోనే ఉంటాడు. కాకపోతే మధ్యమం అని ఒకసారి పడ్డవాళ్లను పైకి తీసుకోవడం అరుదు. నిజం ఏదో నీకే తెలియాలి అని ముగించాడు.

ఈ వార్త విని ఊరు పండగ చేసుకుంది. మధ్యమం అంటే చాలు, ఐవారి ఉద్యోగం నిలుస్తుంది, ఐవారూ నిలుస్తాడు. ఇంతకంటే ఏం కావాలి? కమిటీలో రెండో పెద్ద బొమ్మన్న, అన్నిటికీ నడిమి మాట చెప్పమని, అంతకు మించి నోరు విప్పవద్దని తాతకు పాఠం చెప్పాడు. అవ్వ కూడా అదే అంది. అప్పటికి మూడో పుస్తకంలో ఉన్న మా అమ్మ తండ్రి చేయి పట్టుకుని, నాయనా, మధ్యమం అని చెప్పు అంది. చూస్తాంలే అన్నాడాయన.

తిప్పేస్వామిని కూడా అడిగాడట తాత, నీకేం కావాలప్పా అని. ఈ ఊరు విడవాలని లేదు, ఉన్నదానికంటే తక్కువ అనిపించుకోవాలనీ లేదు అన్నాడాయన. ఆ రెండూ కలిసి దొరకవని ఇద్దరికీ తెలుసు. ఇంక ఆ మాట వాళ్ల మధ్య మళ్లీ రాలేదు.

మా తాత గురించి నాకు బాగా నచ్చే భాగం ఇక్కడుంది. మందను బొమ్మన్న కొడుక్కి అప్పగించి, తాను పోయి బడిలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఐవారు మంచివాడని ఆయనకు తెలుసు. ఏం మంచి అంటే చెప్పడానికి మాట లేదు. జీవితంలో ఎన్నడూ మంచిని వెతికి చూడలేదు మరి, దాచడమే తప్ప. ఇప్పుడు చూడాలి. వాన వచ్చే ముందు ఆకాశాన్ని చూసినట్టు పొద్దస్తమానం ఐవారిని చూస్తూ కూర్చున్నాడట. ఐవారికి ఇబ్బందిగానే ఉండేది. పిల్లలకు భలే సరదా.

ఆయన చూసినవి చిన్న చిన్నవే. ఓబక్క అనే ఆమె కొడుక్కి చదవడం ఆలస్యంగా వచ్చేది. వాడు కూడబలుక్కుంటున్నంత సేపూ ఐవారు వాడి మొహం చూడకుండా కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఎందుకలా చూస్తాడా అని తాత పట్టి చూశాడు. ఐవారు తిరిగి చూస్తే వాడి గొంతు ఆగిపోతోంది. ఇంకోరోజు ఐవారే బోర్డు మీద కూడికలో తప్పు చేశాడు. మా అమ్మ లేచి తప్పని చెప్పింది. తాత, పిల్లకు బెత్తం దెబ్బ తప్పదనుకున్నాడు. ఐవారు సుద్దముక్క ఆమె చేతికిచ్చి, దిద్దు అని పక్కకు జరిగాడు. ఆమె దిద్దింది. ఆయన కింద కూర్చుని చూశాడు. 

సీబయ్య వచ్చిన రోజు బడి ముందు ఊరంతా చేరింది. పత్రం తెరిచి మొదటి అంశం చదివాడు.  తాతకు నిజంగానే మాట పెగల్లేదట, పొగడాలంటే అలవాటు లేని నాలుక కదా. మాకన్నా ముందే లేస్తాడు అని మెల్లగా చెప్పాడు. ఉత్తమం. జనంలో చిన్న గుసగుస.

రెండో అంశం, బడిలో నిలిచి చెప్పడం. రోజంతా బడి గోడల మధ్యే ఉంటేనే ఉత్తమం అని వాక్యం. తాత తల అడ్డంగా ఊపాడు. ఎండాకాలం ఐవారు బడిలో ఉండడనీ, పిల్లలు ఎక్కడుంటే అక్కడుంటాడనీ, ఈ మూడు వాక్యాల్లో అది లేదనీ చెప్పాడు. సీబయ్య పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. లేదు. రాసిన వాక్యాన్ని తాను మార్చలేనని, ఉన్నది ఉన్నట్టు చేయాలని చెప్పి, మనసొప్పకపోయినా అక్కడ మధ్యమం వేశాడు. బొమ్మన్న మొహం విప్పారింది. అట్లే కానీ, అట్లే కానీ అని వెనక నుంచి తాత కంబళి అంచు లాగాడు.

మూడోదీ ఉత్తమం, నాలుగోదీ ఉత్తమం. లెక్కల దగ్గర తప్పు లేకుండా చెబుతాడా అని ఉంది. చెప్పడు, తప్పు చేస్తాడు, తప్పు దిద్దించుకుంటాడు అని సుద్దముక్క సంగతి చెప్పాడు తాత. సీబయ్య ఆ మూడు వాక్యాలూ మళ్లీ చదువుకుని, చివరికి ఉత్తమం దగ్గర గుర్తు పెట్టాడు. ఎందుకలా పెట్టాడో ఎవరికీ చెప్పలేదు. నేనైతే ఆయన ఆ ఒక్కసారి తన పత్రాన్ని పక్కన పెట్టి మనిషిని చూశాడనుకుంటాను.

ఇంక ఒక్కటే మిగిలింది, ఊరితో నడవడి. రెండు చోట్ల మధ్యమం పడితే చాలు ఐవారు నిలుస్తాడని లెక్క తెలిసిన వాళ్లు ముందే చెప్పి ఉన్నారు, ఇక్కడ పడితే అది రెండోది. మధ్యమం, మధ్యమం అని వెనక నుంచి ఆడవాళ్లు, మగవాళ్లు మెల్లగా అంటూనే ఉన్నారు. మా అమ్మ ముందు వరసలో కూర్చుని తండ్రి మొహంలోకి చూస్తోంది. ఆయన ఒకసారి ఆమె వైపు చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"మంచోడు సామీ," అన్నాడు. "మా ఐవారు శానా మంచోడు."

అంతే.   ఎవరో ముసలామె గబగబా మెటికలు విరిచి దిష్టి తీసింది. తిప్పేస్వామి బడి లోపలికి పోయాడు, చాలాసేపటి దాకా బయటికి రాలేదు. తాత సిరా పూసిన బొటనవేలు పత్రం మీద గట్టిగా అదిమి, రొప్పం వైపు నడిచిపోయాడు.

ఎండలు ముదరకముందే తిప్పేస్వామి తుమకూరు పోయాడు. పిల్లలు రాయచెర్లు దాకా వెంట నడిచారు. ఆ పొద్దున తాత మంద తోలుకుని ఎటో పోయాడు, సాగనంపడానికి రాలేదు. తిప్పేస్వామి బదులు వచ్చిన కొత్త ఐవారు పెద్దవాడు, మంచివాడే, మోకాళ్ల నొప్పులు. గంట కొట్టింది మొదలు మళ్లీ కొట్టేదాకా బడి దాటేవాడు కాదు. మరుసటి ఏడు సీబయ్య పత్రం తెరిచినప్పుడు, బడిలో నిలిచి చెప్పడం అనే అంశం దగ్గర మా తాత ఉత్తమం అనే చెప్పాల్సి వచ్చింది. అది నిజమే కదా.

తిప్పేస్వామి పోయిన కొన్నాళ్లకే ఎండలు ముదిరాయి, మందలు కదిలాయి, మందలతో పిల్లలూ కదిలారు. ఏటి దగ్గర పలకల సంచి లేదు. మా అమ్మ మూడో పుస్తకం సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె మళ్లీ బడికి పోలేదు. ఆ సగం పుస్తకంతోనే నాకు అక్షరాలు నేర్పింది. మిగతా సగంలో ఏముందో తెలుసుకోవాలని ఉండేదిరా అని ఒకసారి అంది, అన్నం కలుపుతూ.

నీకు తాత మీద కోపం రాలేదా అని నేను అడిగాను. ఏటి దగ్గర చెలమ తవ్వుతున్నప్పుడు తండ్రినే అడిగానని చెప్పింది. నాయనా, మధ్యమం అని ఉంటే ఆయన ఈడనే ఉండేవాడు కదా అంటే, తాత తవ్వడం ఆపకుండానే జవాబు చెప్పాడట.

"గొర్రె అయితే నాదమ్మా. ఆయప్ప నాది కాదు గదా."

ఆ మాట సరైనదేనని మా అమ్మకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఆ ఎండాకాలమంతా ఆమె తండ్రితో మాట్లాడలేదు.